చంకలో కోడి

శుక్రవారానికి సిలారు పిక్కల మీద కోడి చేసిన గాట్లు ఏడయ్యాయి.

ఏడోది అన్నిటికంటే లోతు. వాకిలి ఊడుస్తూ వంగిన మనిషి మీదికి వెనక నుంచి వచ్చింది. రెండు కాళ్ళూ గాల్లోకి లేపి కాలి ముల్లు దించింది. సిలారు చీపురు అక్కడే పారేసి గోడెక్కాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, గడ్డంలో తెల్ల వెంట్రుకలు కూడా వచ్చినవాడు, గోడ మీద గొంతుక్కూచుని కిందికి చూస్తున్నాడు. కింద కోడి ఒక రెక్క నేలకు దించి, పక్కపక్కగా చిందులేస్తూ, దిగు చూద్దాం అన్నట్టు తిరుగుతోంది.

నవ్వకండి. నవ్వే సంగతే, కాదనను. కానీ గోడ మీద కూర్చున్న మనిషికి మాత్రం కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నొప్పికి కాదు. ఎందుకో చెబుతాను.

పెన్నకు ఇవతల, నాపరాతి గనుల మధ్య ఒక బోడిగుట్ట ఉంది. గుట్ట నెత్తిన ఒక పీరు సమాధి, పక్కన రెండు గదులు, చుట్టూ నిలువు బండలు పాతిన గోడ, ఒకే ఒక్క వాకిలి. ఫకీర్లు కాపురముండే అలాంటి చోటును తకియా అంటారు. ఆ తకియాలో లాలప్ప తాత ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి దూది ఏకిన మనిషి. ముసలితనంలో దేవుడి పేరు తప్ప వేరే పని పెట్టుకోలేదు. మాట చాలా తక్కువ.

ఏటా ఉరుసుకు కింది ఊరి నుంచి గంధం కుండ గుట్టెక్కుతుంది. చాలా చోట్ల గంధం రాత్రిపూట బయలుదేరుతుంది. ఇక్కడ దారంతా రాళ్ళు గనక పొద్దున్నే ఎక్కిస్తారు. ఆ కుండను నలభై ఏళ్ళు తాతే నెత్తిన పెట్టుకుని మోశాడు. ఈ ఏడు మోకాళ్ళు మొరాయించాయి. "ఈసారి నా బిడ్డ మోస్తాడు" అన్నాడు. ఏ బిడ్డో చెప్పలేదు.

తాతకు పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. బిడ్డలంటే శిష్యులే. ఒకడు సిలారు, తొమ్మిదేళ్ళుగా వాకిలి కాస్తున్నవాడు. రెండోవాడు ఓబులేసు, మూడు నెలల కింద వచ్చినవాడు. గని పేలుడులో ఎడమ చెవి వినికిడి పోతే పని మానేసి గుట్టెక్కాడు. వంట చేస్తాడు, గట్టిగా పాడుకుంటాడు, తన పాట తనకే సగం వినబడదు గనక ఇంకా గట్టిగా పాడతాడు.

సిలారు తొమ్మిదేళ్ళ ఆశ ఆ గంధం కుండ. మరి పీరుకు మొక్కి వదిలిన కోడే తనను పొడుస్తుంటే, పీరు గంధం తన నెత్తి మీదికి ఎలా వస్తుంది? జనం ఇంకా ఆ మాట అనలేదు. అంటారని సిలారు అనుకున్నాడు. ఊహించుకోవడంలో మాత్రం అతన్ని మించినవాడు చుట్టుపక్కల పది ఊళ్ళలో లేడు.

చెడ్డవాడు కాడు. అది ముందే చెప్పాలి. తకియాకు వచ్చిన మొదటి ఏడే, సమాధి మీద కప్పిన పట్టు చాదరును ఎవరో ఎత్తుకుపోయారు. "చలికి కప్పుకోను లేనోడు తీసుకోనుంటాడులే" అని తాత ఊరుకున్నాడు. సిలారు ఊరుకోలేదు. ఆ రోజు నుంచి వాకిట్లో నిలబడ్డాడు. వచ్చినవాడి ముఖం చూసేవాడు, చేతులు చూసేవాడు, మూట చూసేవాడు. ఎవరు, ఏ ఊరు, ఎందుకొచ్చావు అని అడిగేవాడు. జవాబు నచ్చకపోతే "గురువారం రా" అనేవాడు. గురువారం వస్తే "వచ్చే గురువారం" అనేవాడు.

అతనికి ఇంకో అలవాటుండేది. సాయంత్రం సాంబ్రాణి వేసిన నిప్పులు చల్లారాక మిగిలే బూడిదను ఊది అంటారు కదా. చిటికెడు ఊది కోసం జనం గుట్టెక్కి వస్తారు. సిలారు ఆ ఊదిని జల్లెడ పట్టి, పొద్దు గూకాక వాకిట్లో బండ మీద పలచగా పరిచేవాడు. ఎవడైనా దొంగతనంగా లోపలికొస్తే అడుగు పడుతుంది, పొద్దున్నే పట్టుకోవచ్చు. తొమ్మిదేళ్ళలో ఒక్క దొంగ అడుగూ పడలేదు. దొంగలు తన తెలివి పసిగట్టారని సిలారు ఇంకా జాగ్రత్తపడ్డాడు.

అలాంటి వాకిలి దాటి కోడి వచ్చింది.

నెల కింద ఒకనాటి వేకువన చూస్తే లోపల తిరుగుతోంది. మంచి ఎర్ర డేగ పుంజు. తోక నల్లగా నిగనిగలాడుతోంది. కాలికి మొక్కుబడి పచ్చదారం కట్టి ఉంది. ఊదిలో మనిషి అడుగు లేదు, కోడి అడుగూ లేదు. మరి ఎలా వచ్చింది? ఎవరు పంపారు? ఎవరి కోసం పంపారు?

పీరుకు వదిలిన కోడిని కొయ్యరు, అమ్మరు, ఎవరికీ ఇవ్వరు. అది ఆ గుట్ట ఆచారం. అంటే ఆ కోడి బతికినన్నాళ్ళూ సిలారుకు దానితోనే కాపురం. అతను దానికి షైతాను అని పేరు పెట్టాడు.

దాన్ని లొంగదీయడానికి అతను పడని పాటు లేదు. కర్ర పట్టుకున్నాడు. కోడి ముందు కర్రను పొడిచింది, తర్వాత కర్ర పట్టుకున్న చేతిని పొడిచింది. చేటను డాలులా అడ్డం పెట్టుకుని నడిచాడు. కోడి చేట కిందుగా వచ్చింది. జొన్నలు చల్లి మంచి చేసుకోబోయాడు. కోడి జొన్నలన్నీ తిని, మూతి నేలకు తుడుచుకుని, అప్పుడు పొడిచింది. చివరికి గోడ వారగా, ముని వేళ్ళ మీద, దాని వంకే ఓరగా చూస్తూ నడవడం మొదలుపెట్టాడు. అలా నడిచిన రోజే రెండు గాట్లు పడ్డాయి.

మరి ఓబులేసును పొడవదు. తాతను పొడవదు. పూలూ చక్కెరా అమ్మే సుంకులమ్మను పొడవదు. ఓబులేసు దాని పక్కనే పాడుకుంటూ పోతాడు. అది తలెత్తి కూడా చూడదు.

ఇక్కడే సిలారు అనుమానానికి కొస దొరికింది. మధ్యాహ్నం పూట ఓబులేసు బండ వెనక కూర్చుని ఒళ్ళోంచి ఏదో తీసి కోడి ముందు వేస్తున్నాడు. నాలుగు రోజులు గోడ సందులోంచి కనిపెట్టి చూశాడు. ఐదో రోజు, ఏడో గాటుతో, కుంటుకుంటూ తాత దగ్గరికెళ్ళాడు.

"తాతా, ఆ కోడి సంగతి నీకు తెలియాల."

తాత తస్బీ పూసలు తిప్పుతున్నాడు. "చెప్పు అబ్బీ."

"అది మామూలు కోడి గాదు. ఎవురో పందెం కోడిని పనిగట్టుకోని పంపిచ్చినారు. వాకిట్లోంచి రాలేదు. ఊదిలో అడుగు లేదు. సరే, వచ్చింది. ఎవుర్నీ పొడవకుండా నన్నే ఎందుకు పొడుస్తాది? ఓబులేసు దానికి ఏందో పెడ్తాండాడు తాతా. రోజూ మద్యాన్నం బండ ఎనక కూచోని పెడ్తాడు. నా కండ్లతో చూసినా."

"యాడ్నుంచి చూసినావు?"

"గోడ సందులోంచి."

"ఎన్ని దినాలు?"

"నాలుగు."

"పాపం. మెడ పట్టేసింటాదే!" అన్నాడు తాత.

ఓబులేసును పిలిచాడు. ఏం పెడుతున్నావని కుడిచెవి దగ్గర అడిగాడు. ఓబులేసు పంచె కొంగు విప్పి చూపించాడు. ఎండిపోయిన సద్దరొట్టె ముక్కలు. "నేను తిన్యాక మిగిలింది ఏస్తా తాతా. అది తింటాదో లేదో గూడా నేను చూడను. నా పాట నాది, దాని తిండి దానిది" అని గుట్టంతా వినబడేలా చెప్పి, పొయ్యి మీద పప్పు మాడుతోందని వెళ్ళిపోయాడు.

సిలారుకు నమ్మకం కుదరలేదు. ఇంత తొందరగా కొంగు విప్పి చూపించాడంటే ముందే సిద్ధం చేసుకున్నాడన్నమాట.

తాత మోకాళ్ళ మీద చేతులూని లేచాడు. కోడి వైపు నడిచాడు. బావి దగ్గరికి వెళ్ళేవాడు ఎలా నడుస్తాడో అలాగే నడిచాడు, వేగమూ లేదు, నిదానమూ లేదు. వంగి రెండు రెక్కల మీదుగా చేతులు పెట్టి ఎత్తాడు. తెచ్చి సిలారు ఎడమ చంకలో పెట్టాడు.

సిలారు కొయ్యబారిపోయాడు.

"గట్టిగా పట్టినావంటే దూది ముద్దయిపోతాది. వదిలేస్తే ఎగిరిపోతాది. నడిమధ్యన పట్టుకో" అన్నాడు తాత. "నీ పనులు నువ్వు చేసుకో. నమాజుకు, నిద్దరకు గంప కింద దించు."

"ఎంతసేపు తాతా?"

"ఉరుసు దాకా."

"ఉరుసా! ఇంకా తొమ్మిది దినాలుంది!"

తాత అప్పటికే పూసలు తిప్పుకుంటున్నాడు.

అమ్మలారా, అయ్యలారా, ఒక మనిషి చంకలో కోడిని పెట్టుకుని వాకిలి ఊడవడం మీరెప్పుడైనా చూశారా? ఒంటిచేత్తో నీళ్ళు తోడడం? పొద్దు గూకేసరికి సిలారు లుంగీ మీద కోడి రెండుసార్లు తన గుర్తు వేసింది. నమాజుకు ముందు లుంగీ మార్చి, స్నానం చేసి, మళ్ళీ కోడిని ఎత్తుకున్నాడు. గుట్టెక్కి వచ్చిన సుంకులమ్మ పూలగంప దించి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏమబ్బా సిలారూ, కాన్పు ఎప్పుడయింది? చెప్పనన్నా చెప్పలేదే!"

"నోరు ముయ్యి అవ్వా."

"ముక్కు నీ మాదిరే ఉండాదిలే" అని ఆమె మల్లెలు తూచడానికి కూర్చుంది.

మొదటి రోజు కోడి గింజుకుంది. సిలారు మెడ పక్కకు తిప్పుకుని, కన్ను పొడుస్తుందేమోనని భయపడుతూ గడిపాడు. రెండో రోజు దాని గుండె తన పక్కటెముకలకు తగలడం తెలిసింది. చిన్న గుండె, అంత వేగంగా కొట్టుకుంటుందని అతను అనుకోలేదు. ఎండ ముదిరాక అది కునుకు తీసింది. కోడికి పై రెప్ప కిందికి దిగదు, కింది రెప్ప పైకి లేస్తుంది. ఆ సంగతి సిలారుకు అప్పటిదాకా తెలియదు. అంత దగ్గరగా ఎవర్ని చూశాడు గనక.

మూడో రోజు ఒక వింత గమనించాడు.

తెల్లచొక్కా వేసుకున్న మనిషొకడు గుట్టెక్కి వస్తున్నాడు. సిలారుకు ఆ చొక్కా నచ్చలేదు. రాతిగనుల మధ్య అంత తెల్ల చొక్కా ఎందుకు? అదే క్షణంలో చంకలో కోడి మెడ ఈకలు గొడుగులా విచ్చుకున్నాయి. గొంతులో గుర్రుమంది. కాసేపటికి సుంకులమ్మ వచ్చింది. కోడి కదల్లేదు. సాయంత్రం కోరచూపుల కుర్రాళ్ళు ఇద్దరు వచ్చారు. మళ్ళీ ఈకలు లేచాయి.

సిలారు కోడి ముఖంలోకి చూశాడు. కోడికి దైవదూతలు కనబడతారని, అందుకే అది కూస్తుందని పెద్దలు చెప్పగా విన్నాడు. దూతలు కనబడితే దొంగలు కనబడరా! పీరు ఈ కోడిని తనకోసమే పంపాడు. ఇన్నాళ్ళూ ఆ సంగతి తెలియక గోడలెక్కాడు.

అప్పటి నుంచి కోడిని ముందు పెట్టుకునే మనుషుల్ని తూచాడు. ఈకలు లేస్తే పది ప్రశ్నలు, లేవకపోతే దారి. అతను అనుమానించిన ఒక్కొక్కరి మీదా కోడి ఈకలు లేచాయి. ఒక్కసారి కూడా తప్పలేదు. నాలుగో రోజు అతను వాకిట్లో నిలబడి ఉంటే ఓబులేసు నీళ్ళ బిందెతో వచ్చాడు. ఈకలు లేచాయి! సద్దరొట్టె పెట్టిన మనిషి మీదే లేచాయి! సిలారు ఆ రోజు ఎంతో తృప్తిగా అన్నం తిన్నాడు. కోడికీ ఒక ముద్ద పెట్టాడు. షైతాను అనడం మానేశాడు.

ఐదో రోజు వాకిలి వైపు ముఖం పెట్టి నిలబడి ఉండగా వెనక నుంచి అడుగుల చప్పుడైంది. ఎవరో మెల్లగా, చప్పుడు కాకూడదన్నట్టు వస్తున్నారు. సిలారు తిరగలేదు. చెవులు రిక్కించాడు. చంకలో కోడి ఒక్కసారిగా విచ్చుకుని గుర్రుమంది. దొరికాడు అనుకుని గిరుక్కున తిరిగాడు.

తాత. మోకాళ్ళ నొప్పితో అడుగు తీసి అడుగు వేస్తూ, చేతిలో మజ్జిగ చెంబుతో.

"ఎండ ఎక్కువుండాది. తాగు" అని చెంబు అందించి వెళ్ళాడు.

సిలారు ఆ మజ్జిగ చాలాసేపు తాగలేదు. కోడి వైపు చూశాడు. ఈకలు ఇంకా దిగలేదు. అప్పుడు తన చేయి చూసుకున్నాడు. మోచేయి బిగుసుకుని, దూది ముద్దయ్యేంత గట్టిగా ఒత్తుతోంది. చేయి వదులు చేశాడు. ఈకలు ఒక్కొక్కటిగా దిగిపోయాయి. మళ్ళీ కొంచెం బిగించి చూశాడు.

ఆ పరీక్ష రెండోసారి చేయడానికి అతనికి ధైర్యం చాలలేదు. కోడి తనను మోసం చేస్తోందని అనుకుందామని చూశాడు. కుదరలేదు.

ఆరో రోజు తెల్లవారింది. ఉరుసు దగ్గరికొచ్చింది. పొద్దున్నే గంప ఎత్తగానే కోడి నేరుగా వాకిట్లోకి పోయేది. నమాజు ముగించుకుని సిలారూ వాకిట్లోకే పోయేవాడు, ఊదిలో అడుగులు చూసుకోవడానికి. ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచి, తర్వాత కోడిని ఎత్తుకునేవాడు. ఆ రోజూ ఎత్తుకుని నిలబడ్డాడు. దారి మలుపులో ఒక మనిషి కనిపించాడు.

ఆ ముఖం సిలారుకు తెలుసు. నెలన్నర కింద మూడుసార్లు వచ్చాడు. గనిలో రాళ్ళు కొట్టే మనిషి, రాతిదుమ్ము కొట్టుకుపోయిన జుట్టు, కళ్ళెత్తి మాట్లాడడు. కళ్ళెత్తని మనిషిని ఎలా నమ్మడం? మూడుసార్లూ గురువారం రమ్మని పంపేశాడు.

"ఏం? మళ్ళీ వచ్చినావే?"

"కొంచెం ఊది గావాల సామీ."

"అయిపోయింది. గురువారం రా."

ఆ మనిషి కదల్లేదు. చంకలో కోడి అప్పటికే విచ్చుకుని గుర్రుమంటోంది. సిలారు చేయి బిగుసుకుని ఉంది. అతనికి తెలుసు, అయినా వదులు కాలేదు.

ఆ మనిషి మొదటిసారి కళ్ళెత్తాడు. సిలారును చూడలేదు, కోడిని చూశాడు.

"పెద్దోడా" అన్నాడు మెల్లగా.

కోడి గుర్రుమనడం ఆపింది. మెడ చాచింది. సిలారు చేయి బిగుతుగానే ఉంది, అయినా ఈకలన్నీ దిగిపోయాయి.

"ఈ కోడి నీదా?"

"మా పాపది సామీ. మల్లీశ్వరి. ఆరేండ్లు." ఆ మనిషి పేరు పుల్లన్న. "గనిలో మందు పేలినప్పుడు దగ్గర్లో ఆడుకుంటా ఉండె. దెబ్బ తగల్లేదు గానీ అప్పట్నుంచి నిద్దట్లో ఉలిక్కిపడి ఏడుస్తాది. ఆస్పత్రి మందు ఇప్పిస్తాండాం. ఊది పెడితే మంచిదని మా యమ్మ చెప్తే వచ్చినా. మూడుతూర్లు వచ్చినా. నాలుగోతూరి కోడిని మొక్కుకోని తెచ్చినా. తెల్లారకముందే వచ్చినా, అప్పటికే మీరు వాకిట్లో నిలబడుకోని ఉండారు. మళ్ళా గురువారమంటారని భయపడి, ఎనకపక్క గోడ మింద నుంచి దించి పోయినా."

సిలారు ఇంకా ఆశ చావక, "ఇది పందెం కోడే గదా? మనుషుల్ని పొడవను నేర్పినారు గదా?" అన్నాడు.

పుల్లన్న విస్తుపోయాడు. "పెద్దోడా? పొడవడమా? పొద్దస్తమానం పాప చంకలోనే గదా సామీ ఉండేది. ఇంట్లో ఎవర్నీ గోరుతో గూడా గీకింది లేదు."

అప్పుడు వెనక తాత గొంతు వినబడింది.

"ఊది ఉండాదా అబ్బీ?"

"సమాధి గూట్లో లేదు తాతా."

"మరి యాడుండాది?"

సిలారు తల వంచుకుని వాకిట్లో బండ మీదికి చూశాడు. తాత కూడా చూశాడు.

బండ మీద ఊది పలచగా, మెత్తగా పరుచుకుని ఉంది. అందులో అడుగులున్నాయి. ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి, సిలారు మడమలు. వాటి పక్కనే, అదే బారున, అదే మలుపు దగ్గర తిరిగి, మూడు వేళ్ళ కోడి అడుగులు. ఇంకెవరి అడుగూ లేదు.

తాత గోడ పట్టుకుని మెల్లగా కిందికి వంగాడు. మోకాలు పట్టేస్తే ఒక్క క్షణం ఆగాడు. సిలారు చేయి అందించబోయాడు గానీ చేతిలో కోడి ఉంది. తాత బండ మీద కూర్చుని చూపుడు వేలితో ఊదిని కొంచెం కొంచెంగా కూడదీశాడు. మడమలు చెరిగిపోయాయి. మూడు వేళ్ళ గుర్తులు చెరిగిపోయాయి. కుప్పైన ఊదిని కాగితంలో పోసి, మడిచి, కళ్ళకద్దుకుని, రెండు చేతులతో పుల్లన్నకు ఇచ్చాడు.

"పాపను ఉరుసుకు తీసుకరా నాయనా."

గోడ పట్టుకుని లేచి, పూసలు తిప్పుకుంటూ లోపలికి వెళ్ళాడు.

ఆ సాయంత్రం సాంబ్రాణి నిప్పులు చల్లారాక సిలారు ఊది జల్లించాడు. పళ్ళెం పట్టుకుని వాకిటి దాకా నడిచాడు. నిలబడ్డాడు. వెనక్కి వచ్చి, సమాధి పక్కన గూట్లో పోశాడు. ఆ రాత్రి అతనికి నిద్ర సరిగా పట్టలేదు. ఎవడైనా వస్తే ఎలా తెలుస్తుంది?

ఉరుసు ముందురోజు తాత ఇద్దరినీ పిలిచాడు.

"గంధం సిలారు మోస్తాడు."

సిలారు ఖాళీ చేయి తనంతట తానే నెత్తి దాకా లేచింది.

"రేపు కోడిని చంకలో పెట్టుకోవద్దు. కట్టేయొద్దు. గంప కింద దాచొద్దు" అని తాత లేచి వెళ్ళిపోయాడు.

చూశారా మనసు గుణం! తొమ్మిదేళ్ళ ఆశ తీరిందని సంతోషించాలా వద్దా? సిలారుకు గంటసేపు కూడా సంతోషం నిలవలేదు. ఎందుకు కట్టేయొద్దన్నాడు? గంధం కుండకు రెండు చేతులూ కావాలి. కాళ్ళు కాసుకునేదెవరు? అంత జనంలో కోడి మీద పడితే, కుండ జారితే, మళ్ళీ ముఖం ఎత్తుకోగలనా? తాత నన్ను నలుగురిలో నిలబెట్టి పంపేయాలనుకుంటున్నాడా? ఓబులేసు చెప్పించాడా? లోకంలో అతను అనుమానించకుండా మిగిలిన మనిషి తాత ఒక్కడే. ఆ రోజుతో అదీ అయిపోయింది.

తెల్లవారి గంధం కదిలింది. డప్పులు, సాంబ్రాణి పొగ, ముందు పచ్చజెండా. సిలారు నెత్తిన కుండ, కుండ మీద మల్లెదండలు, పైకెత్తిన రెండు చేతులు. పిక్కల మీద ఏడు గాట్లు అందరికీ కనబడుతున్నాయి. పక్కన ఓబులేసు పాట. రాళ్ళ దారిలో ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ గుట్టెక్కారు.

వాకిట్లో కోడి నిలబడి ఉంది.

సరిగ్గా బండ నడుమ, సిలారు రోజూ నిలబడేచోట. జనాన్ని చూసి ఈకలు విచ్చుకుంది. ఒక రెక్క నేలకు దించింది. డప్పులు ఆగాయి.

"నేను తోలేస్తా ఉండు" అని ఓబులేసు ముందుకొచ్చాడు.

"వద్దు ఓబులేసూ" అన్నాడు సిలారు. అరిచి చెప్పలేదు, కుడిచెవి వైపు తిరిగి చెప్పాడు. ఓబులేసు ఆగాడు.

సిలారు ఆ వాకిలి వైపు చూస్తూ నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళలో బయట నిలబడి ఆ వాకిలిని చూడడం అదే మొదలు. గుట్టెక్కిన ఆయాసం. చేతులు ఖాళీ లేవు. లోపలికి పోవాలి. ఎదురుగా ఒకడు మెడ ఈకలు లేపుకుని నిలబడ్డాడు.

చాలాసేపు చూశాడు.

తర్వాత మెడ కదపకుండా కళ్ళతో జనంలో వెతికాడు. అందరికంటే వెనక, రాతిబండ పక్కన, పాపను భుజానెత్తుకుని పుల్లన్న నిలబడి ఉన్నాడు. రావాలా వద్దా అన్నట్టు.

"పుల్లన్నా" అని పిలిచాడు. "ఆడనే నిలబడినావే? నా పక్కకు రా. ఇద్దరం కలిసే పోదాం."

జనం దారిచ్చారు. పుల్లన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. సిలారు గుండెల్లోని గాలి మొత్తం బయటికి వదిలాడు. బావికి పోయేవాడిలా నడిచాడు. వేగమూ లేదు, నిదానమూ లేదు.

కోడి ఎదురొచ్చింది. సిలారు ఆగలేదు, తప్పుకోలేదు. అది అతని కాళ్ళ దగ్గరికొచ్చి తల పక్కకు వంచి ఒక కంటితో చూసింది. కుండ మీది దండలోంచి ఒక మల్లెపువ్వు రాలి అతని పాదం మీద పడింది. కోడి ముక్కుతో ఆ పువ్వును తీసుకుంది. చర్మానికి గీత కూడా పడలేదు. పువ్వు కింద పెట్టి, తిండి దొరికితే పెట్టలను పిలిచినట్టు కొక్కొక్కుమంటూ, ముందుగా లోపలికి నడిచింది.

"పెద్దోడా!" అని పాప అరిచింది. తండ్రి భుజం మీద నుంచి జారి, పరుగెత్తి, దాన్ని చంకలో పెట్టుకుంది.

గంధం సమాధిని చేరింది. కుండ దించాక సిలారు వంగి తన పిక్కలు చూసుకున్నాడు. గాట్లు ఏడే, ఎనిమిదోది లేదు.

ఆ రోజు మధ్యాహ్నం జనం పలచబడ్డాక తాత నీడలో కూర్చున్నాడు. ఓబులేసు పక్కన చేరి ఆయన మోకాళ్ళకు నూనె రాస్తున్నాడు. వాకిట్లో సిలారు ఊది పళ్ళెం పట్టుకుని నిలబడి, వచ్చిన ప్రతి మనిషికీ చిటికెడు చిటికెడు పెడుతున్నాడు. ఎవరు, ఏ ఊరు అని అడగడం లేదు. అడగబోయి ఆగడం రెండుమూడుసార్లు కనబడింది. అతని కాళ్ళ దగ్గర కోడి, దాని పక్కన పాప.

"తాతా!" అన్నాడు ఓబులేసు, గుట్టంతా వినబడేలా. "అంత పొగరుబోతు కోడిని ఎట్ల మచ్చిక చేసినావు?"

తాత వాకిటి వైపు చూశాడు.

"కోడిని నేనేం చేయలేదు నాయనా. మనిషిని దానికి అప్పజెప్పినా, అంతే."

తాత అటువైపు, ఎడమచెవి పక్కన కూర్చున్నాడు. ఓబులేసుకు వినబడలేదు. "ఆఁ?" అన్నాడు.

వాకిట్లో సిలారు చేయి పళ్ళెంలో ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్ళీ చిటికెడు ఊది తీసి, ఎదురుగా నిలబడిన తెల్లచొక్కా మనిషి అరచేతిలో పెట్టింది.